లూప్ లైను

హన్మకొండల టెస్టులు జేసే పిల్లగాడు
నా ఛాతి మీద ఐదు బిళ్లలంటించి
నడుముకు చిన్న డబ్బా కట్టి, ఒక కాయితమిచ్చిండు.
మూడు గడులు:
టైమెంత. ఏం జేస్తున్నవ్. ఎట్లనిపించింది.
రేపు ఇదే యాల్లదాంక తానం జెయ్యొద్దన్నడు.
భయపడొద్దని మాత్రం అనలే.

పదిన్నర.
ఎనుమాముల యార్డుల కాంటా కాడ కూసున్న.
తేజ మిర్చి, నలభై రెండు కిలోల బస్తా.
అంకెలు ఎగిరెగిరి నిలబడేదాంక
చిట్టీ రాయొద్దు, అదే నా కొలువు.
అంకెలు నిలబడ్డయ్. నేను నిలబడలే.
మూడో గడిల రాసిన:
ఇంకో మెట్టున్నదనుకొని కాలేస్తే
లేనట్టు.

గడి సరిపోలే.

పన్నెండుంబావు. ఘాటుకు దగ్గిన.
దగ్గిందా, దడ తప్పిందా తెల్వది. రెండూ రాసిన.
కింద పడ్డ కాయలూడ్చే మొగిలమ్మ
నడుము కాడి వైర్లు జూసి
"కొత్త ఫోనా బిడ్డా?" అన్నది.
అవునన్న.
ఎవ్వరికి జేస్తదో చెప్పలే.

ఐదేండ్లప్పుడు నా పెదవులు
నేరేడు పండ్లు తిన్నట్టుండేటియట,
నేరేడు కాయని కాలంల సుత.
నాలుగడుగులేసి గొంతుక్కూసునేదాన్ని;
బడి తొవ్వల పిల్లలు
నేను గోటీలు ఏరుకుంటున్ననుకునేటోళ్లు.
పట్నంల కోసి, బొక్కకు మాటేసి ఇంటికి తోలిచ్చిన్రు.
"ఇగ రంది లేదు" అన్న డాక్టరు మాటను
కాజీపేట రైల్వే క్వార్టర్ల నిండ
మిఠాయి లెక్క పంచిండు బాపు.
ఇరవై రెండేండ్లు రంది లేదు, అబద్ధమెందుకు.
మాటు ఇప్పటికీ మంచిగనే ఉన్నదట.
కుట్లు పడ్డ కాడ కండ గట్టిపడి
కరెంటుకు అడ్డం కూసున్నదట.

బాపు కీమ్యాన్. ముప్పై ఒక్కేండ్లు
సుత్తె వట్టుకొని పట్టాల మీద కొట్టుకుంట నడిచిండు.
బీట వడ్డ పట్టా మోగుడే వేరంటడు.
డాక్టరు బొమ్మ గీసి చెప్తే నాకెక్కలే.
బస్సుల బాపు చెప్పిండు:
"మెయిన్ లైను ఖాళీ లేకుంటె బండిని లూప్ల వెడ్తరు.
నీ లోపట ఏమైందంటే, పాయింటు సరిగ పడలే.
బండి బయటికి రాదు, ఆగదు.
ఆ లూప్లనే తిరుగుతది, తిరుగుతది.
డ్రైవరు తప్పు గాదు బిడ్డా."

"మరి తీగె పంపి లోపట కాలుస్తమన్నరు?"

"లూప్ పీకేసుడే" అన్నడు,
అని కిటికీ దిక్కు తిరిగిండు.

ఎవ్వరి తప్పో నేనడుగలే.
పట్టా ఏసినోళ్లదా, మాటేసినోళ్లదా,
గడప దాటంగనే ఇప్పటికీ
ముందు నా పెదవుల రంగు జూసే అమ్మదా.

ఆరు. బస్సు. నిలబడే వచ్చిన. ఏమనిపియ్యలే.
ఎనిమిది. పప్పుచారు. ఏమనిపియ్యలే.
రాసుకుంట రాసుకుంట సిగ్గనిపించింది,
దొంగను పట్టిస్తనని ఠాణాకు పోయి
చూపిద్దామంటే దొంగ లేనట్టు.

రెండు నలభై. రాత్రి.
ఉరికింది.
గూడ్సు బండి, డబ్బా ఎన్క డబ్బా,
ఎంత జూసినా గార్డు డబ్బా రాదే.
అమ్మను లేపలే.
డాక్టరు చెప్పినట్టు దగ్గిన, ఊపిరి బిగబట్టిన.
చీకట్ల బాపు మంచం కిర్రుమన్నది.
వచ్చి కింద కూసున్నడు. లైటెయ్యలే.
నా మణికట్టు మీద మూడేళ్లు వెట్టి
తల జర వంచిండు,
దూరంగ ఏదో బండి వస్తున్నట్టు.

లెక్కవెట్టిండు. ఒక కాడ ఆగి
మళ్ల మొదటికెళ్లి లెక్కవెట్టిండు.

ఎప్పుడు నిమ్మళమైందో నాకు తెల్వది.
తెల్లారి జూస్తే ఆయన చెయ్యి అట్లనే ఉన్నది,
కూసోనే నిద్రవోయిండు.

పిల్లగాడు బిళ్లలు పీకిండు, తోలుతో సహా.
కాయితం జూసి,
"అక్కా, రెండు నలభై కాడ
మూడో గడి ఖాళీ వెట్టినవ్" అన్నడు.
రెండో గడిల మాత్రం రాసిన:
బాపు ఇన్నడు.

ఆ పిల్లగాడు జేబులకెళ్లి పెన్ను తీసి
దాన్ని కొట్టేసి
నిద్ర అని రాసుకున్నడు.